ఫ్రాన్సులో భోంచేసొచ్చాం!

“ఎంతసేపూ ఏలూరు, గూడెం, కైకలూరేనా? ఒక్క వారమైనా ఫ్రాన్సులో ఎక్కడ ఏం తినాలో, ఏం తాగాలో రాయకూడదటయ్యా?” అన్నారు మా డెస్కులో పెద్దాయన.

“తప్పకుండా రాస్తానండీ. టిక్కెట్టు ఇప్పించండి.”

“బస్సు టిక్కెట్టయితే ఇప్పిస్తాను” అన్నారాయన, పేజీ మీద నుంచి తలెత్తకుండానే.

ఆయన వేళాకోళానికే అన్నారు. కానీ ఆలోచిస్తే, బస్సు టిక్కెట్టుతో వెళ్లగలిగే ఫ్రాన్సు ఒకటి మనకి ఉండనే ఉంది కదా! భీమడోలులో పొద్దున్నే కాఫీ తాగి బయల్దేరితే భోజనాల వేళకి ముందే చేరిపోవచ్చు. పాస్‌పోర్టు అక్కర్లేదు. వీసా గొడవ లేదు. భాష రాదన్న బెంగ అసలే లేదు... ఏమడిగినా ‘ఆయ్’ అనే పలుకుతారు.

అదేనండీ, యానాం. ఫ్రెంచివాళ్ల నోట్లో ‘యనావొన్’.

పద్ధెనిమిదో శతాబ్దం మొదటి సగంలో గౌతమి ఒడ్డున దిగిన ఫ్రెంచి కంపెనీవాళ్లు, మధ్యమధ్య ఇంగ్లీషువాళ్లకి పోగొట్టుకుంటూ, మళ్లీ తెచ్చుకుంటూ 1954 దాకా ఆ ఊరిని ఏలారు. ఆ ఏడాది నవంబరు 1న పాలన మన చేతికి వచ్చింది. కాగితాల మీద పూర్తిగా మనదయ్యేసరికి 1962 ఆగస్టు 16. ఇప్పటికీ అది ఆంధ్రప్రదేశ్‌లో లేదు. చుట్టూ మన జిల్లాలే ఉన్నా, పుదుచ్చేరిలో భాగం.

అన్నట్టు, ఈ విషయంలో భీమడోలు వాళ్లం మనం కూడా కాస్త కాలరెగరేయొచ్చు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లు నాలుగింటినీ ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చేశాడు. అందులో మన ఏలూరు సర్కారు ఒకటి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఓడిపోయి, మరుసటేడు బందరు కోట కూడా పోగొట్టుకునేదాకా ఇక్కడ వాళ్లదే రాజ్యం. అంటే అయిదారేళ్లు మనమూ ఫ్రెంచివాళ్లమే! శిస్తు వసూలు చేసుకున్నారు గానీ ఒక్క వంటకమైనా నేర్పి పోలేదు. అది వేరే సంగతి.

మామ్మ అడిగిన రొట్టె

పెద్దాయన మాట పట్టుకుని నేను యానాం బయల్దేరడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా మామ్మ.

మామ్మకి ఎనభై అయిదు దాటాయి. ఆవిడ వాళ్లమ్మ, అంటే మా తాతమ్మ పెళ్లి జరిగింది యానాంలో. పెళ్లినాటికి ఆవిడకి తొమ్మిదేళ్లు. శారదా చట్టం 1929లో వచ్చి, ఆ మర్నాడు సంవత్సరం నుంచి అమలైంది కదా. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి చేస్తే శిక్ష. అయితే ఆ చట్టం బ్రిటిషువాళ్ల రాజ్యంలోనే చెల్లుతుంది. యానాం పొలిమేర దాటితే ఫ్రెంచి రాజ్యం. అంతే! గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి పెళ్లిబృందాలు అటు కట్టాయి. మా వాళ్లు కూడా భీమడోలులో రైలెక్కి, కాకినాడలో దిగి, అక్కణ్నుంచి ఎడ్లబండ్ల మీద వెళ్లారట.

ముహూర్తం అర్ధరాత్రి దాటాక. పెళ్లికూతురు కాబట్టి పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టలేదు. విడిది ఇంటి పెరట్లో కూర్చుని ఏడుస్తున్న పిల్లని గోడ అవతల నుంచి ఎవరో ఒకావిడ చూసింది. గిన్నెలో పాలు, అందులో ముంచుకోమని ఒక రొట్టె ముక్క అందించింది. “పైన అప్పచ్చిలా కరకర, లోపల దూది” అని చెప్పేదట తాతమ్మ. ఎవరు చేశారో, ఏం వేశారో తెలియని రొట్టె ఆ రోజుల్లో మా ఇళ్లల్లో ముట్టుకునే ప్రశ్నే లేదు. అందుకని ఆ సంగతి తాతయ్యగారు పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కూతురొక్కదానికే చెప్పింది. ఏలూరు నుంచి ఎన్నిసార్లు బ్రెడ్డు తెచ్చిపెట్టినా “ఇది యానాం రొట్టె కాదమ్మా” అని పక్కన పెట్టేసేదట.

అప్పట్లో మన దేశంలో చాలాచోట్ల రొట్టెల పిండి పులియబెట్టింది కల్లుతోనే. ఈస్టు దొరకని రోజులు కదా మరి! ఈ మాట నేను చెబితే మామ్మ నోరు నొక్కుకుంది. “అయితే మా అమ్మ పెళ్లినాడే కల్లు కూడా పుచ్చుకుందన్నమాట!” అని పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక, “తిండి గురించి రాస్తావు కదరా. ఆ రొట్టె ఇంకా ఉందో లేదో చూసి రా” అంది.

అదండీ నా మీద పడిన అసైన్‌మెంటు.

తోడు చిన్నాన్న

వెంట చిన్నాన్నని తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే ఆయనే నన్ను తీసుకెళ్లాడు, కారు ఆయనది. ముప్ఫై ఏళ్లు కొల్లేరు చెరువుల మీద చేపలు కొని, ఐసు కొట్టి, పెట్టెల్లో సర్ది హౌరా లారీలెక్కించిన మనిషి. చేప కంట్లోకి చూసి అది ఎప్పుడు చచ్చిందో చెప్పేస్తాడు. ఇలాంటివాడు పక్కనుంటే చేపల హోటల్లో మనకి దిగులుండదు, హోటలువాళ్లకి ఉంటుంది.

తాడేపల్లిగూడెం దాటాం, తణుకు దాటాం. రావులపాలెంలో గౌతమి వంతెన ఎక్కకుండా కుడిచేతి వైపు కోనసీమలోకి తిరిగాం. ఆత్రేయపురం పూతరేకులు ఈ చుట్టుపక్కలవే. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ పొద్దున్నే తీపేమిటని చిన్నాన్న కారు ఆపలేదు.

ఆపింది అంబాజీపేటలో. కాస్త చుట్టు తిరుగుడే గానీ, పొట్టిక్కల కోసం ఆ మాత్రం తిరగొచ్చు. పనసాకులు నాలుగింటిని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పాత్రలో ఉడికిన ఇడ్లీకి, దీనికి తేడా ఏమిటంటారా? ఆకు విప్పినప్పుడు వచ్చే వాసన. ఆ వాసనకే సగం ఆకలి తీరుతుంది, మిగతా సగం రెట్టింపవుతుంది. చిన్నాన్న మూడు తిన్నాడు. నేనెన్ని తిన్నానో ఇక్కడ అప్రస్తుతం.

అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక. అక్కడ గౌతమి మీద వారధి. ఇది రాకముందు రేవులో నిలబడి పడవ కోసం ఎదురుచూడాల్సిందే. ఆ వారధికి బాలయోగి గారి పేరు పెట్టారు. లోక్‌సభ స్పీకరుగా ఉండగా 2002 మార్చి 3న హెలికాప్టరు కూలి ఆయన పోయింది మన కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో, ఒక చేపల చెరువులోనే. ఆ రోజు చిన్నాన్న కైకలూరులోనే ఉన్నాడట. వారధి మీద ఉన్నంతసేపూ ఆయన ఏమీ మాట్లాడలేదు. కింద గోదారి ఇంకా ఎర్రగానే ఉంది.

పులసా? ఇలసా?

యానాంలో ఫ్రెంచి భోజనం దొరుకుతుందా? దొరకదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ మంచిది, నాకూ మంచిది. వెన్నలో వేయించిన నత్తలు, వైనులో ఉడికించిన కోడి... అలాంటివి కావాలంటే పుదుచ్చేరి వెళ్లాలి. ఇక్కడ ఫ్రెంచి అంటే 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి, కొన్ని పాత గోడలు, ఊళ్లో కొద్దిమంది పెద్దల జ్ఞాపకాలు. విస్తట్లోకి వచ్చేసరికి అంతా గోదారే.

గోదారి అంటే పులస. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అన్న సామెత మీకు తెలిసిందే. అది చెప్పినవాడికి పుస్తెలు లేవు కాబట్టే అంత ధీమాగా చెప్పాడని మా పిన్ని అంటుంది.

సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వానలు పడి, గోదారికి ఎర్రనీరు తగిలి, ఆ తీపినీళ్లు సముద్రంలోకి తోసుకొచ్చాక, గుడ్లు పెట్టడానికి గుంపులుగా నదిలోకి ఎదురీదుతుంది. అప్పుడది పులస. జులై నుంచి సెప్టెంబరు దాకానే ఆ వైభోగం. పైకి ఎంతదూరం వెళ్తుంది? ధవళేశ్వరం దాకా. 1852లో కాటన్ దొర కట్టించిన ఆనకట్టతో డెల్టాకి అన్నం వచ్చింది, పులసకి మాత్రం దారి మూసుకుపోయింది. రెండూ నిజమే. ఆ అన్నంలోకే ఈ పులుసు కలుపుకుంటున్నాం కాబట్టి ఎవరినీ ఏమీ అనలేం.

మేం వెళ్లింది సెప్టెంబరు ఆఖర్లో, ఒక మంగళవారం. మాకు సెలవు ఆ రోజే మరి. ఫ్రెంచి రోజుల్లో యానాం సంత కూడా మంగళవారమే ఉండేదట. పక్కనున్న ఇంగ్లీషు రాజ్యంలో దొరకని సీమసరుకుల కోసం జనం ఎగబడేవారని చెబుతారు.

ఒక హోటలుకి వెళ్లాం. పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. గుమ్మంలో పలక మీద సుద్దముక్కతో ‘గోదావరి పులస రెడీ’ అని రాసుంది. ధర అడిగితే, ఒక్క ముక్క పులుసుకి చెప్పిన అంకె విని చిన్నాన్న కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపాగి, “పచ్చి చేప ఒకసారి తీసుకొచ్చి చూపించు నాయనా” అన్నాడు.

కుర్రాడు తటపటాయించాడు. లోపలికి వెళ్లాడు. పళ్లెంలో చేప పెట్టుకొచ్చాడు.

చిన్నాన్న మొప్ప ఎత్తి చూశాడు. కడుపు మీద వేలితో నొక్కాడు. నొక్కిన గుంట అలాగే ఉండిపోయింది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. “ఇది ఐసులో పడి వారం పైనే అయింది. వారం కిందట ఇదిగో ఈ ఎదురుగా ఉన్న గోదారిలో పట్టిన చేపకి ఐసు ఎందుకు నాయనా?” అన్నాడు చాలా నెమ్మదిగా.

ఈలోపు కౌంటరు దగ్గరున్నాయన లేచి వచ్చాడు. గొడవవుతుందేమో అనుకున్నాను. అవలేదు. “తవరు మా లైనేనాండీ?” అని అడిగి, చిన్నాన్న సంగతి విని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఇలసేనండి. పై నుంచి వస్తాదండి. మా రేవులో పులస ఈ ఏడు ఎన్ని పడ్డాయో వేళ్ల మీద లెక్కెట్టొచ్చండి. పడ్డదల్లా వేలంలో పోతాదండి. అలాటిది రోజూ వంద మందికి పులస ఎక్కణ్నుంచి వొండుతానండి? పలక తీసేత్తే మాత్రం కారు ఆగదండి” అన్నాడు.

అదీ సంగతి. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన ఇలస ఇక్కడ పులస అవుతోంది. ఎదురీదకుండానే, లారీలో! మన కొల్లేరు శీలావతి, బొచ్చె హౌరా వెళ్తున్నాయి, వాళ్ల ఇలస ఇటు వస్తోంది. “ముప్ఫై ఏళ్లు ఆ రోడ్డు మీదే లారీలు తోలించాను గానీ ఈ ఐడియా నాకు రాలేదురా” అన్నాడు చిన్నాన్న.

అసలైన గోదారి చేప ధర ఈమధ్య సంవత్సరాల్లో ఎక్కడికి పోయిందో పేపర్లో చూస్తూనే ఉన్నాం. యానాం రేవులో రెండు కిలోల లోపు చేపకే ఇరవై వేల పైన పాట పలికిన రోజులున్నాయి. కాబట్టి ఎవరైనా హోటల్లో వందల్లో పులస పెడతామంటే అది పులస కాదని మీకు మీరే చెప్పేసుకోవచ్చు. మొప్పలు ఎత్తి చూడాల్సిన పని కూడా లేదు.

చివరికి ఇలస ధరకే ఇలస పులుసు పెట్టమన్నాం. పెట్టారు. నిజాయితీగా అమ్మితే అదేం తక్కువ చేప కాదండీ. మట్టి దాకలో చింతపండు పులుసు, ఉల్లిముద్ద, పచ్చిమిర్చి, నాలుగు బెండకాయలు వేసి సన్నసెగ మీద మరగనిచ్చారు. గరిట పెట్టరు, ముక్క చితికిపోతుందని దాకనే పట్టుకుని తిప్పుతారు. దించేముందు కాస్త వెన్న. పులసైనా ఇలసైనా రాత్రి వండి పొద్దున్న తింటేనే రుచి అంటారు గోదారివాళ్లు. మాకు పెట్టింది నిన్నటిదే. నిన్నటిదని గర్వంగా చెప్పి మరీ పెట్టే హోటలు ఇంకే వంటకానికైనా ఉంటుందా! ముళ్లు మాత్రం జాగ్రత్త. వై ఆకారంలో సన్నగా ఉంటాయి. చేప తింటూ కబుర్లు చెప్పేవాళ్లు ఇది తినకపోవడమే మంచిది.

అక్కడ చుక్కకూరతో...

ఇంతకీ ఫ్రాన్సు సంగతి పూర్తిగా వదిలేశాననుకోకండి. అక్కడా ఒక పులస ఉంది!

దాని పేరు ‘అలోజ్’. మన ఇలసకి చుట్టం. అది కూడా సముద్రంలో పెరిగి, గుడ్ల కోసం లువార్, గరోన్, డోర్డోన్ నదుల్లోకి ఎదురీదుతుంది. కాకపోతే వాళ్లకి వానాకాలం కాదు, వసంతకాలం. దానికీ ఇలాగే నోటినిండా ముళ్లే. బోర్డో వైపు ఎండిన ద్రాక్షతీగల మంట మీద కాలుస్తారు. ఇంకో పద్ధతిలో పుల్లటి ఆకుకూర వేసి వండుతారు. ఆ పులుపుకి సన్నముళ్లు కరిగిపోతాయని అక్కడి వంటవాళ్ల నమ్మకం. ఆ ఆకు ఏమిటో తెలుసా? మన చుక్కకూరకి స్వయానా తోబుట్టువు. రెండూ ఒకే కుదురు మొక్కలు.

అంటే ఏడు సముద్రాల అవతల కూడా ముళ్ల చేపలోకి పులుపే వేశారు. బుస్సీ ఏలూరు సర్కారులో ఉన్నప్పుడు ఎవరైనా ఇలస పులుసు పెట్టి ఉంటే ఆయనకి ఇంటి మీద బెంగ పుట్టేది.

అయితే ఆ అలోజ్ కథ కూడా మన పులస కథలాగే ఉంది. ఆనకట్టలు, మురికి, మితిమీరిన వేట. చేప పడిపోయింది. 2008 నుంచి గరోన్, డోర్డోన్, అవి కలిసే జిరోండ్ నదుల్లో దాన్ని పట్టడమే నిషేధించారు. వాళ్లకి నిషేధం వచ్చింది. మనకి వేలంపాట వచ్చింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట ఆపుతారు. కానీ పులస గుడ్లతో నదిలోకి వచ్చేది ఆ తర్వాత కదా! సరిగ్గా అప్పుడే నదీముఖం నిండా వలలు. ఒక్క చేప పడితే నెల సంపాదన వస్తుందంటే ఆ వల తీసేయమని ఏ ఇంటివాడికి చెప్పగలం?

“కొల్లేట్లో ఇంతే” అన్నాడు చిన్నాన్న, చేయి కడుక్కుంటూ. “నా చిన్నప్పుడు బుడమేరు, తమ్మిలేరు పొంగితే కొరమీను, మట్టగిడస, జెల్ల ఇంటి ముందుకే వచ్చేవి. చెరువులు తవ్వాం. 2006లో గట్లు పేల్చేశారు. మళ్లీ తవ్వుకున్నాం. శీలావతి టన్నులకి టన్నులు తీశాం. మట్టగిడస తినాలనిపిస్తే ఇప్పుడు నేను వెతుక్కుంటున్నాను.” తవ్వినవాళ్లలో తనూ ఉన్నానని ఆయన దాచలేదు. నేనూ ఆ చెరువుల డబ్బుతోనే డిప్లొమా చదివాను.

పులస దొరకలేదని బెంగపడక్కర్లేదు. పండుగప్ప ఇగురు అడగండి. ముళ్లు తక్కువ, పిల్లలకి బావుంటుంది. పక్కనే కోరంగి మడ అడవులున్నాయి కాబట్టి పీతలు దొరికిన రోజున పీతల పులుసు వదలొద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్తే చీరమేను. వేలెడంత కూడా ఉండని చేపపిల్లలు, వలకి దొరకవు కాబట్టి చీరలతో పట్టేవారట, అందుకే ఆ పేరు. గిన్నెలతో, గ్లాసులతో కొలిచి అమ్ముతారు. మేం వెళ్లేటప్పటికి ఇంకా రాలేదు. “దీపావళికి రండి” అన్నారు. శాకాహారులకి ఏ మెస్సులోనైనా భోజనం ఉంటుంది. కంద బచ్చలి ఉన్న రోజైతే మీ అదృష్టం.

తాగడం మాట

శీర్షికలో తాగడం కూడా ఉండాలని పెద్దాయన గుర్తుచేశారు కాబట్టి...

యానాం పేరు చెబితే మన కుర్రాళ్ల కళ్లు మెరిసేది ఫ్రెంచి చరిత్రకి కాదు. పుదుచ్చేరి పన్నులు వేరు కాబట్టి సీసా ధర తక్కువ. మనవైపు 2019 తర్వాత ధరలు పెరిగిన ఆ అయిదేళ్లు ఈ వారధి మీద సాయంత్రాలు తిరనాళ్లేనట. ప్రతి మలుపులోనూ ‘వైన్స్’ అని బోర్డులు. లోపలికి వెళ్లి “ఫ్రెంచి వైను ఉందా?” అని నేను అడిగితే, కౌంటరు వెనకున్నతను నన్ను ఎగాదిగా చూశాడు. “వైను ఎవరు తాగుతారండీ?” అన్నాడు. ఫ్రెంచివాళ్లు రెండొందల ఏళ్లు ఏలిన ఊళ్లో విన్న మాట ఇది!

నా సలహా అడిగితే, తాగదలుచుకున్నవాళ్లు రాత్రికి అక్కడే గది తీసుకోండి. సీసా వారధి దాటించకండి, ఎక్సైజువాళ్లకి దొరికితే మిగిలిన డబ్బుకి పదింతలు వదులుతుంది. అంతకన్నా ముఖ్యంగా, తాగి బండి మీద ఆ వారధి ఎక్కకండి. చిన్నాన్న స్నేహితుడి కొడుకు అలాగే బయల్దేరాడు. ముమ్మిడివరం దాకా కూడా రాలేదు. చిన్నాన్న ఆరేళ్లుగా మందు ముట్టకపోవడానికి కారణం డాక్టరని పిన్ని అనుకుంటోంది.

మేం తాగినవి రెండేసి కొబ్బరిబోండాలు. గోదారి గట్టున, రాజీవ్ బీచ్‌లో. బీచ్ అంటారు గానీ సముద్రం కాదు, నదే. సాయంత్రం అక్కడ గాలికి కూర్చోవడానికి మాత్రం పైసా పన్ను లేదు.

దొరికిందా?

చీకటి పడుతుండగా రొట్టె వేట మొదలుపెట్టాం. మూడు బేకరీలు తిరిగాం. క్రీము బన్ను, దిల్‌పసంద్, ఎగ్ పఫ్, గాజు అద్దంలో గులాబీ కేకులు... మన ఏలూరు బస్టాండు ఎదుట ఏముంటాయో అవే. “ఫ్రెంచి రొట్టె” అంటే ఒకతను ఫ్రెంచి ఫ్రైస్ ఎదురింట్లో దొరుకుతాయన్నాడు.

నాలుగోది పాత ఇల్లు. వెనక కట్టెల భట్టీ. బనీనుతో ఉన్న ఒక పెద్దాయన రేపటి రస్కులకి రొట్టెలు కాల్చి ఆరబెడుతున్నాడు. తాతమ్మ కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“కర్రలా పొడుగ్గా ఉండేది, అదేనాండీ? మా నాన్న చెప్పేవోరు. దొరల ఇళ్లకీ, ఆఫీసులకీ వెళ్లేదంట. నా ఎరికలో చెయ్యలేదండి. అది తినేవోళ్లు వెళ్లిపోయాక ఎవరి కోసం చేత్తారండి?” అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, భట్టీ లోపల గోడవారగా ఉన్న రొట్టె ఒకటి కర్రతో లాగి చేతికిచ్చాడు. “వోరకి ఉన్నది కాత్త ఎక్కువ కాల్తాదండి. రస్కుకి పనికిరాదు. మీరు చెప్పినట్టు పైన కరకరలాడేది నా దగ్గర ఇదొక్కటేనండి.” డబ్బులు ఎంత చెప్పినా తీసుకోలేదు. రొట్టె చల్లారేదాకా మూట కట్టొద్దు, మెత్తబడిపోద్దని మాత్రం గట్టిగా చెప్పాడు.

అందుకని అంత దూరమూ ఆ రొట్టెని చుట్టకుండా నా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాను. కారంతా కాలిన పిండి వాసన. తణుకు దగ్గర చిన్నాన్న ఒక చిన్న ముక్క తుంచబోతే చేతి మీద కొట్టాను.

భీమడోలు చేరేసరికి పదకొండు దాటింది. మామ్మ నిద్రపోలేదు. వరండాలో లైటు వేసుకుని కూర్చుంది. పాలు గోరువెచ్చగా చేసి గిన్నెలో పోసి ఇచ్చింది పిన్ని. మామ్మ రొట్టె పైభాగం వేలితో తట్టి చూసింది. చిన్న ముక్క విరిచింది. కాస్త చప్పుడైంది. పాలల్లో ముంచి నోట్లో పెట్టుకుని, చాలాసేపు అలాగే ఉంచుకుంది.

“ఇదేనా మామ్మా?” అన్నాను ఉండబట్టలేక.

“నాకేం తెలుసురా, నేను తిన్నానా ఏమన్నానా! తిన్నది మా అమ్మ” అంది. ఇంకో ముక్క ముంచుకుంది. “తొమ్మిదేళ్ల పిల్ల. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. ఆ గోడ అవతలావిడ ఎవరో ఏమో... పేరైనా అడగలేదంట” అంది, పాల గిన్నెలోకి చూస్తూ.

తర్వాత పులస ఎంత చెప్పారని అడిగింది. చెప్పాను. ‘హవ్వ’ అని బుగ్గలు నొక్కుకుంది. మిగిలిన సగం రొట్టె డబ్బాలో పెట్టకుండా పళ్లెం మీదే ఉంచి, పైన జల్లెడ బోర్లించమంది. చీరమేను ఎప్పుడొస్తుందన్నారో కనుక్కుంది.

“దీపావళికట.”

“అయితే ఈసారి నేనూ వస్తాను. ముందు సీటు నాది” అంది మామ్మ.